మెత్తగా ఉండాల్సిన బిస్కెట్

విరిస్తే చప్పుడు రాని బిస్కెట్ పచ్చి బిస్కెట్. ఇది మా అత్తమ్మ తీర్పు. ఆమె ఒక్కతే కాదు, జడ్చర్లలో ఎవరిని అడిగినా ఇదే అంటారు. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో పడ్డాక మెత్తబడాలి గానీ డబ్బాలో ఉన్నప్పుడే మెత్తగా ఉందంటే "మెత్తవడ్డయి, పారెయ్" అంటారు. అలాంటి ఇంట్లో నేను ఏటా డిసెంబర్‌లో మైదా తూకం వేసి, గడియారం చూసి, కావాలని మెత్తటి బిస్కెట్లు చేస్తాను. వాటి కోసం అడిగి మరీ వచ్చేవాళ్లున్నారు. అత్తమ్మ మాత్రం ఇప్పటికీ ఒకదాన్ని వేలితో నొక్కి, నా మొహం ఒకసారి చూసి, మళ్లీ ప్లేట్‌లోనే పెట్టేస్తుంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా ఆవిడ స్టాఫ్ నర్సు. ఇరవై ఐదున సెలవు కావాలంటే ముందు వారమంతా నైట్ డ్యూటీలు చేసి ఆ సెలవు సంపాదించుకోవాలి. అందుకని పండగ ముందు ఇంట్లో వంటకు మిగిలేది నేనూ అత్తమ్మే. గరిజెలు, అరిసెలు, మురుకులు ఆమె లెక్క. నూనె మూకుడు దగ్గరికి నన్ను రానివ్వదు. ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, మాత్రం నాకు వదిలేసింది. మంట కనబడని పొయ్యి మీద ఆమెకు నమ్మకం లేదు.

ఈ మెత్తటి బిస్కెట్ పేరు మొలాసిస్ కుకీ. మాకు అమెరికాలోని కాన్సాస్ నుంచి వచ్చింది. మా బావమరిదికి అక్కడ విచిటాలో ఉద్యోగం. వెళ్లిన మొదటి చలికాలం, పక్కింటి పెద్దావిడ ఒక రేకు డబ్బా పట్టుకొచ్చి తలుపు కొట్టిందట. ఏ ఊరు బాబూ అని అడిగితే, అక్కడ మనవాళ్లంతా చెప్పినట్టే వీడూ హైదరాబాద్ అన్నాడు. ఆవిడ వదల్లేదు. హైదరాబాదేనా, ఆ చుట్టుపక్కలా అంది. మహబూబ్‌నగర్ అని చెప్పగానే ఆవిడే మొదలుపెట్టింది: నాగర్‌కర్నూల్, జడ్చర్ల, వనపర్తి, దేవరకొండ. చిన్నప్పుడు వాళ్ల చర్చిలో ప్రతి ఆదివారం ఈ ఊళ్ల పేర్లు చదివి, అక్కడున్న మిషనరీల కోసం ప్రార్థన చేసేవాళ్లట. మా వాడు ఆ రోజు మాకు ఫోన్ చేసి, బామ్మర్దిగా ఎన్నడూ లేనంత గౌరవంగా "బావా, మన ఊరి పేరు ఈడ తెలుసు" అన్నాడు.

బయటివాళ్లకు ఇది విడ్డూరం గానీ పాలమూరు క్రైస్తవులకు కాదు. మా వైపు ఎంబీ చర్చి అంటే అందరికీ తెలుసు. మెనొనైట్ బ్రెదరెన్ అని పూర్తి పేరు చెప్తే సగం మంది అదేదో వేరే చర్చి అనుకుంటారు. ఈ మెనొనైట్లు యూరప్‌లో పుట్టిన శాఖ. యుద్ధానికి వెళ్లం, ఆయుధం పట్టం అన్నది వాళ్ల పట్టుదల. ఆ పట్టుదల కోసమే దక్షిణ రష్యా మైదానాల్లో స్థిరపడ్డారు. అక్కడ కూడా సైన్యంలో చేరాలన్న ఒత్తిడి వచ్చేసరికి 1874 నుంచి గుంపులు గుంపులుగా అమెరికా వెళ్లారు. అలా వెళ్లిన వాళ్లలో చాలామంది దిగింది కాన్సాస్‌లో. రష్యాలోనే ఉండిపోయిన వాళ్లలోంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో నల్లగొండకు వచ్చారు. అమెరికా వెళ్లిన వాళ్లు 1899లో నిజాం రాజ్యానికి తమ మిషనరీలను పంపారు. తర్వాత నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల, కల్వకుర్తి అంటూ ఒక్కో ఊళ్లో ఒక్కో కాంపౌండ్. జడ్చర్ల మిషన్ దవాఖాన కూడా వాళ్లు పెట్టిందే. మా ఆవిడ పుట్టింది అక్కడే. ఆ మాటకొస్తే మా వీధిలో సగం మంది పుట్టింది అక్కడే.

ఆ రేకు డబ్బాలో రెండు రకాలు ఉన్నాయట. ఒకటి గోలీలంత చిన్నవి, గట్టివి. పెప్పర్‌నట్స్ అంటారు. కాన్సాస్ మెనొనైట్ల ఇళ్లలో అవి లేకుండా క్రిస్మస్ జరగదు. రెండోది అమెరికా అంతటా చేసుకునే మొలాసిస్ కుకీ. అరచేతిలో సగం ఉంటుంది, ముదురు గోధుమ రంగు, పైన పంచదార పలుకులు, బీటలు వారిన నేలలా పగుళ్లు, లోపల మెత్తన. శొంఠి, దాల్చినచెక్క, లవంగం వాసన గుప్పుమంటుంది. మా అత్తమ్మకు న్యాయంగా మొదటిది నచ్చాలి. కానీ మా వాడు కొలతలు అడిగి తెచ్చుకున్నది రెండోదానివి. ఆ కాగితం ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, కప్పులు, ఫారెన్‌హీట్ లెక్కలతో సహా.

కాగితం చూడగానే అన్నీ మన వంటింట్లో ఉన్నవే అనిపించింది, ఒక్క మొలాసిస్ తప్ప. అసలు కథంతా దానిదే. చెరకు రసం కాచి పంచదార పలుకులు తీసేశాక మిగిలే నల్లటి చిక్కటి ద్రవం అది. మొదటిసారి కాచాక మిగిలింది లేత రంగులో తియ్యగా ఉంటుంది. దాన్ని మళ్లీ కాచి పంచదార తీస్తే ముదురు రంగు. మూడోసారికి నల్లగా, చేదుగా తయారవుతుంది. కుకీలకు మొదటిదో రెండోదో వాడతారు, మూడోది వేస్తే కషాయం రుచి వస్తుంది. మనకు మొలాసిస్ లేక కాదు. కొత్తకోట దగ్గరి చక్కెర ఫ్యాక్టరీ లాంటివి నడిచేచోట అది టన్నుల్లో వస్తుంది. కానీ అది వంటింటికి రాదు, ట్యాంకర్లెక్కి డిస్టిలరీకి పోతుంది. స్పిరిట్‌కు ముడిసరుకు కాబట్టి ఎక్సైజ్ వాళ్ల కన్ను దాని మీదే ఉంటుంది.

అమెరికాలోనూ దానిది అదే దారి. 1919 జనవరి 15న బోస్టన్‌లో మొలాసిస్ నింపిన యాభై అడుగుల ఎత్తు ట్యాంకు పగిలి వీధుల మీద పడింది. 23 లక్షల గ్యాలన్లు. 21 మంది చనిపోయారు. ఆ మొలాసిస్ కూడా బిస్కెట్ల కోసం దాచింది కాదు, పరిశ్రమలకు కావాల్సిన ఆల్కహాల్ తయారీకి తెచ్చింది. ద్రవాల చిక్కదనం గురించి చెప్పేటప్పుడు మా పిల్లలకు ఈ సంగతి చెప్తే ముందు నవ్వుతారు, పాకంలో ఎవరైనా మునుగుతారా సార్ అంటారు. చలికి చిక్కబడిన పాకంలో ఇరుక్కున్న మనిషి ఎందుకు బయటికి రాలేడో బోర్డు మీద బొమ్మ వేసి చూపిస్తే అప్పుడు నిశ్శబ్దంగా వింటారు.

ఆన్‌లైన్‌లో మొలాసిస్ సీసా దొరుకుతుంది. ధర చూసి ఫోన్ పక్కన పెట్టేశాను. బెల్లం పండే దేశంలో ఉండి పాకం కోసం అంత పెట్టడం నా వల్ల కాదు. ముదురు రంగు బెల్లం తెచ్చి పాకం పెడితే సరిపోతుంది కదా అని బాదేపల్లిలో మామూలుగా సామాన్లు తెచ్చే కిరాణంలో నల్లబెల్లం రెండు కిలోలు అడిగాను.

సేటు తూకం రాయి చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "సారూ, గింత నల్లబెల్లం మీకేంటికి?"

"బిస్కెట్లకు."

అతను నవ్వలేదు. షాపులో ఇంకెవరైనా ఉన్నారేమో చూసి, కొంచెం ముందుకు వంగి మెల్లగా అడిగాడు. "పటిక గూడ గావాల్నా?"

మా జిల్లాల వాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. నల్లబెల్లం, పటిక పక్కపక్కన కనిపిస్తే అది గుడుంబా, అంటే నాటుసారా, కాచే సామాను. 2015లో సర్కారు గుడుంబా మీద గట్టిగా పడ్డప్పుడు పేపర్లో జిల్లా పేజీ తీస్తే చాలు, అచ్చంపేట వైపో దేవరకొండ వైపో పట్టుకున్న బెల్లం బస్తాలు, వాటి వెనక వరసగా నిలబడ్డ ఎక్సైజ్ సిబ్బంది ఫొటో. ఆ బెల్లం అమ్మినందుకు కేసులైన దుకాణాలు కూడా ఉన్నాయి. కాబట్టి అతని అనుమానంలో తప్పేం లేదు. పైగా సర్కారీ టీచరు.

మంచి మాట చెప్పింది కూడా అతనే. "గది తినేది గాదు సారూ. ఖరాబైన చెరుకు, మాడిన పాకం, చెత్త అంత దాంట్లనే ఉంటది." లోపలికి వెళ్లి వేరే దిమ్మె తెచ్చాడు. ముదురు గోధుమ రంగు, గోటితో గీరితే రాలే మెత్తటి బెల్లం. మందు కలపని బెల్లం అన్నాడు. బెల్లం పసుపుపచ్చగా మెరవాలని వండేటప్పుడు హైడ్రోస్ వేస్తారు, అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. అది వెయ్యకుండా వండితే బెల్లానికి సహజంగా వచ్చే రంగు ఇదే. చూడ్డానికి బాగోదని మనవాళ్లు దీన్ని పక్కకు పెడతారు. ఈ కుకీకి మాత్రం ఇదే కావాలి. పచ్చగా మెరిసే బెల్లంతో చేస్తే తీపి వస్తుంది గానీ ఆ లోతు రాదు. మీరు చేస్తే ఒక్క ఈ విషయంలో రాజీ పడకండి, మిగతావన్నీ ఎలాగోలా సర్దుకోవచ్చు.

ఇక పాకం. మొలాసిస్‌లో తీపి వెనక చిన్న చేదు ఉంటుంది. బెల్లానికి అది ఉండదు. అందుకని ముందు మందపాటి గిన్నెలో రెండు చెంచాల పంచదార ఒట్టిగా వేసి సన్న మంట మీద పెడతాను. అంచుల్లో కరిగి, తేనె రంగుకు తిరిగి, ఆ తర్వాత ఎర్రటి గోధుమ రంగు వచ్చి, సన్నగా పొగ మొదలయ్యే క్షణం ఒకటి ఉంటుంది. అప్పుడే పావు కప్పు వేడినీళ్లు పోయాలి. బుస్సుమని ఎగిసి చిమ్ముతుంది, చెయ్యి దూరంగా పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. అందులో రెండు వందల గ్రాముల బెల్లం తరిగి వేసి కరిగించి, పలుచటి గుడ్డలో వడగట్టాలి. ఎంత మంచి బెల్లమైనా అడుగున ఇసుక, చెరకు పీచు దిగుతాయి. వడగట్టింది మళ్లీ పొయ్యి మీద పెట్టి చెంచాడు నిమ్మరసం పిండాలి.

నిమ్మరసం రుచి కోసం కాదు. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజ్. దాన్ని పులుపుతో కలిపి వేడి చేస్తే కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది. ఇవి అంత తేలిగ్గా పలుకు కట్టవు, పైగా గాలిలోని తేమను పట్టుకుంటాయి. జిలేబీ పాకం గడ్డకట్టకుండా మిఠాయి వాళ్లు నిమ్మకాయ పిండేది కూడా ఇందుకే, వాళ్లను కెమిస్ట్రీ అడిగితే చెప్పరు గానీ. మొలాసిస్‌లో ఈ విడిపోయిన చక్కెరలు ముందునుంచే ఉంటాయి. కుకీ నాలుగు రోజులైనా మెత్తగా ఉండేది వాటి వల్లే.

ఇక్కడే అత్తమ్మకూ నాకూ పెద్ద గొడవ. పాకం అంటే ఆమెకు అరిసెల పాకం. చల్లటి నీళ్ల పళ్లెంలో చుక్క వేస్తే ఉండ కట్టాలి. నాకు కావాల్సింది అది కాదు. నీళ్లలో వేస్తే చుక్క అడుగుకు చేరి, అక్కడ మెల్లగా పరుచుకోవాలి. ఉండ కట్టిందంటే చల్లారాక చెంచాతో తవ్వాల్సి వస్తుంది, వెన్నలో కలవదు. ఆమె పక్కన నిలబడి "ఇంకా రాలె, ఇంకా రాలె" అంటూనే ఉంటుంది. నేను దించేస్తాను. సీసాలో పోసి పెట్టుకుంటే ఫ్రిజ్‌లో నెల రోజులు ఉంటుంది.

పిండి చాలా తేలిక. మైదా రెండు వందల ఎనభై గ్రాములు. అందులో రెండు చెంచాల శొంఠి పొడి, ఒక చెంచా దాల్చినచెక్క పొడి, పావు చెంచాకు కొంచెం పైన లవంగాల పొడి, చిటికెడు జాజికాయ, పావు చెంచా మిరియాలు. మిరియాలు ఆ కాగితంలో లేవు. పాలమూరు నాలుకకు నేను వేసినవి. చెంచా అంటే ఇక్కడ టీస్పూను, తల కొట్టి. శొంఠి మాత్రం కొమ్ములు తెచ్చి ఇంట్లో దంచుకోండి. డబ్బాలో వచ్చే పొడిలో వాసన ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. కిరాణంలో దొరికే లావు దాల్చినచెక్క నిజానికి కాసియా, కొంచెం ఘాటు ఎక్కువ. ఇలాంటి వాటికి అదే మంచిది, అమెరికాలో డబ్బాల్లో అమ్మేది కూడా ఎక్కువగా అదే.

వంటసోడా దగ్గర లెక్క మారుతుంది. వాళ్ల కాగితంలో రెండు చెంచాలు ఉంది. మొలాసిస్‌కు పులుపు స్వభావం ఉంది, ఆ సోడాలో కొంత దానితో తీరిపోతుంది. మన బెల్లం వండేటప్పుడు రసం విరుగు తీయడానికి సున్నం కలుపుతారు కాబట్టి దాంట్లో పులుపు తక్కువ. సోడా అంతే వేస్తే తీరని సోడా మిగిలి సబ్బు రుచి వస్తుంది. ఒకటిన్నర చెంచా చాలు. మేం పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు అని చెప్పే పాఠంలో బేకింగ్ సోడా ఉంటుంది. పరీక్షలో సమీకరణం రాస్తే మార్కులు, ఇక్కడ నాలుక మార్కులేస్తుంది. డిసెంబర్‌లో ఆ పాఠం రివిజన్ పెట్టుకుంటే క్లాసుకు శాంపిల్ తీసుకెళ్లొచ్చు, నేను తీసుకెళ్తాను కూడా.

వెన్న నూట డెబ్బై గ్రాములు, బయట పెట్టి మెత్తబడ్డది. ఉప్పు వెన్న అయితే విడిగా ఉప్పు వెయ్యొద్దు. అందులో నూట యాభై గ్రాముల బెల్లం పొడి వేసి చెక్క గరిటెతో కలిపి, ఒక గుడ్డు కొట్టి, ఎనభై గ్రాముల పాకం పోసి, ఆ తర్వాత మైదా. మైదా పడ్డాక ఎక్కువ కలపొద్దు, పొడి కనబడకపోతే చాలు. మూత పెట్టి ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచాలి. ఓపిక ఉంటే రాత్రంతా. వెన్న గట్టిపడితే ట్రేలో పిండి అప్పడంలా పరుచుకోదు, పైగా శొంఠి, లవంగం పిండిలోకి బాగా దిగుతాయి.

వెన్నా చక్కెరా కలిపేటప్పుడల్లా నాకు మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరి భట్టీ గుర్తొస్తుంది. నా చిన్నప్పుడు ఇళ్లలో ఓవెన్లు ఎక్కడివి. పండగ ముందు అమ్మ మైదా, డాల్డా, చక్కెర, గుడ్లు, దంచిన యాలకులు సంచిలో సర్ది, ఖాళీ నూనె డబ్బా ఒకటి నా చేతికిచ్చి బేకరీకి పంపేది. కిలోకు ఇంత అని కూలి. రంజాన్‌కు, క్రిస్మస్‌కు భట్టీ ముందు ఇలాగే డబ్బాలతో వరస. ఉస్తాద్ డాల్డా, చక్కెర చెక్క బల్ల మీద వేసి అరచేతి మడమతో తోస్తూ, వెనక్కి లాగుతూ, మళ్లీ తోస్తూ ఉండేవాడు. డాల్డా మెల్లగా తెల్లటి నురుగయ్యేది. చక్కెర గరగర వినబడకుండా పోయేదాకా అతను మైదా జోలికి వెళ్లేవాడు కాదు. పిండి సన్నగా చుట్టి, గాజుగ్లాసు మూతితో గుండ్రంగా కోసి, ట్రేలో పెట్టి, ఎవరి ట్రే ఏదో తెలియడానికి ఒక మూల పిండి ముద్ద మీద అంకె గీసేవాడు. ఆ అంకె కూడా కాలి బిస్కెట్ అయ్యేది. దాన్ని తినే హక్కు డబ్బా మోసుకొచ్చిన పిల్లోడిది. మా అమ్మకు ఈ విషయం చివరిదాకా తెలియదు.

ఉస్తాద్ చేసినట్టు తెల్లగా నురుగు వచ్చేదాకా చేస్తే లోపల గాలి చేరుతుంది. నాన్‌ఖటాయికి అది ప్రాణం. ఈ కుకీకి మాత్రం వద్దు. గాలి ఎక్కువైతే కేకులా పొంగి, నమిలితే పొడిపొడి అవుతుంది. కలిసేదాకా కలిపి ఆపేయాలి.

ఓవెన్ నూట డెబ్బై ఐదు డిగ్రీలకు ముందే వేడెక్కాలి. పిండిని చిన్న నిమ్మకాయంత ఉండలు చేసి, పలుకు చక్కెరలో దొర్లించి, ట్రేలో మూడు వేళ్ల ఎడంతో పెట్టాలి. నొక్కొద్దు, వాటంతటవే పరుచుకుంటాయి. చక్కెర పైపొర తేమ లాగేస్తుంది, అందుకే పైన ముందే ఆరిపోతుంది. లోపల సోడా గ్యాసు ఇంకా పొంగుతూ ఉంటుంది. ఆరిన పైపొర దాన్ని ఆపలేక పగులుతుంది. ఏడో నిమిషం నుంచి ఓటీజీ అద్దం దగ్గర కూర్చుంటే ఇది కళ్లముందే జరుగుతుంది. ముందు ఉండ నడుము జారి కిందికి కుంగుతుంది, తర్వాత నడిమధ్య సన్నటి గీత పడుతుంది, ఆ గీత చీలి లోపలి తడి ముదురు రంగు కనబడుతుంది. మా అమ్మాయి ఇంటర్ చదువుతూ కూడా దీని కోసం ఫోన్ పక్కన పెట్టి వచ్చి కూర్చుంటుంది.

పది నిమిషాలు. ఎక్కువలో ఎక్కువ పదకొండు. అంచులు నిలబడి ఉండాలి, మధ్యలో వేలు పెడితే గుంట పడాలి, పగుళ్లలో ఇంకా తడి మెరవాలి. అప్పుడు తీసేయాలి. ఇది చెయ్యడానికి మనసొప్పదు, నాకు తెలుసు. మన చేతికి అలవాటైనది ఎర్రగా వేయించడం, కరకరలాడించడం. ఇంకో రెండు నిమిషాలు ఉంటే బాగుంటుందని చెయ్యి ఆగుతుంది. ఆ రెండు నిమిషాలుంచితే మంచి శొంఠి బిస్కెట్ వస్తుంది, అదేం చెడ్డది కాదు, కానీ వేరే వస్తువు. తీశాక ట్రేలోనే ఐదు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. వేడి ట్రే మీద అడుగు ఇంకా కాలుతూనే ఉంటుంది, లేత మధ్య భాగం అప్పుడు కుదురుకుంటుంది. వెంటనే ఎత్తితే రెండు ముక్కలవుతుంది. ఒక వాయికి ఇరవైకి పైన వస్తాయి.

వేడిగా తినొద్దని చెప్తే ఎవరూ వినరు. కానీ నిజంగా రెండోరోజు తినాలి. మొదటి రోజు లవంగం ఒక్కటే ముక్కుకు తగులుతుంది. మర్నాటికి శొంఠి, బెల్లం, దాల్చినచెక్క ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. మా వైపు చలికాలం గాలి పొడిగా ఉంటుంది, పెదవులు పగిలే గాలి. అందుకని స్టీలు డబ్బాలో కుకీల మీద బ్రెడ్డు ముక్క ఒకటి పెట్టి మూత వేస్తాను. బ్రెడ్డు ఎండిపోతుంది, కుకీ మెత్తగా ఉంటుంది.

మొదటి వాయి క్యారల్స్ పిల్లలకే పోతుంది. చర్చి యూత్ గిటారు, డప్పు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మా వీధికి వచ్చేసరికి రాత్రి ఒంటిగంట దాటుతుంది. అప్పటికి వాళ్లు తిరిగిన ఇళ్లలో కేకు తిని తిని మొహం మొత్తి ఉంటుంది. శొంఠి తగలగానే గొంతుకు హాయిగా ఉందంటారు, ఇంకో పాట పాడతారు, అద్దాల కిటికీ ఉన్న ఇంటి అంకుల్ లైటు వేసి చూస్తాడు. మా ఆవిడ ఒక డబ్బా వార్డుకు పట్టుకెళ్తుంది. నైట్ డ్యూటీలో మూడు గంటలప్పుడు టీతో వీటికి మించింది లేదంటుంది. నా లెక్కలో అంతకు మించిన సర్టిఫికెట్ లేదు. స్కూల్లో సెమీ క్రిస్మస్ రోజు స్టాఫ్ రూంలో పెడితే తెలుగు సార్ అర్ధచంద్రాకారంలో కొరికి, ఇది అల్లం మురబ్బానా, కేకా, తేల్చి చెప్పమన్నాడు. తేల్చకుండానే ఇంకోటి తీసుకున్నాడు.

విచిటాకు వీడియో కాల్‌లో చూపిస్తే పక్కింటి పెద్దావిడ కూడా వచ్చి చూసింది. రంగు సరిగ్గా ఉందంది, పగుళ్లు ఇంకొంచెం వెడల్పు రావాలంది. బెల్లం దిమ్మె ఫోన్‌కు దగ్గరగా పెట్టి చూపించమని అడిగింది. ఇందులోంచి పంచదార తియ్యరా, అంతా ఇలాగే ఉంచేస్తారా అని రెండుసార్లు అడిగింది. మిరియాల సంగతి చెప్తే మాత్రం తలూపింది. వాళ్ల అమ్మ కూడా పెప్పర్‌నట్స్‌లో వేసేదట.

ఈ ఏడాది కొత్తగా ఒక వాయి గుడ్డు లేకుండా చేయాల్సి వచ్చింది. మా ఎదురింటివాళ్లు ధనుర్మాసమంతా గుడ్డు ముట్టరు, క్రిస్మస్ ఏమో ఎప్పుడూ ఆ నెలలోనే వస్తుంది. గుడ్డు బదులు మూడు పెద్ద చెంచాల గట్టి పెరుగు వేశాను. పెరుగు పులుపు ఉంది కాబట్టి సోడాకు పని దొరికింది, పగుళ్లు ఇంకా బాగా వచ్చాయి. కాకపోతే పిండి కొంచెం జారుగా ఉంటుంది, ఇంకో రెండు చెంచాల మైదా పడుతుంది, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉండాల్సిందే. ఆ డబ్బా మూత మీద మార్కర్‌తో పెద్దగా ‘గుడ్డు లేదు’ అని రాసి పంపాను. రాయకపోతే వాళ్ల నానమ్మ ముట్టదు, ఆమె ముట్టనిదే ఆ ఇంట్లో పిల్లలకు మూత తియ్యరు.